వాయవ్యం, ఐదు కిలోమీటర్లు

గాలినెల 3

ఈ రోజు బయటినుంచి పదకొండు రిపోర్టులు వచ్చాయి. నాలుగే పనికొచ్చాయి. ఒకడు "దేవుడా చాలా దూరం వచ్చేశాను" అని పంపాడు. చాలా అంటే ఎంత నాయనా? ఈ దుమ్ములో సిగ్నల్ పన్నెండు మాటలకు మించి మొయ్యదని నడకకు పంపేముందు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తారు. ఆ పన్నెండులో ఒకటి దేవుడికి పోయింది. దిక్కు లేదు, మలుపు లేదు, కిలోమీటరు లేదు. దాన్నుంచి ప్రశ్న తయారు కాదు. ప్రశ్న లేకపోతే జవాబు లేదు, జవాబు లేకపోతే బండి కదలదు. పక్కన పెట్టేశాను.

నేను ప్రశ్నల గదిలో రాతగత్తెను. పేరు తాయారు. పదహారేళ్లు కోచింగులో దిక్కులు, దూరాలు చెప్పాను. ఇక్కడికి వచ్చి ఐదేళ్లు. దారి తప్పినవాళ్లు పంపే పన్నెండు మాటల్ని మూడు లైన్ల ప్రశ్నగా మార్చడం నా పని. పదిహేను రోజులకోసారి పరీక్ష. లోపలి ఉద్యోగాల కోసం నలభై వేలమంది రాస్తారు. ఎక్కువమంది ఏ ఆప్షన్ దిద్దితే అదే కీ. మర్నాడు బండి ఆ చోటికి వెళ్తుంది. యంత్రం చెప్పిన చోటికి మూడు వందలమందిని పంపి పోగొట్టుకున్న ఏడాది నుంచి మా ఊళ్లో చోటు చెప్పే హక్కు యంత్రానికీ లేదు, అధికారికీ లేదు. ఒక్కడు తప్పు చేస్తాడు గానీ నలభై వేలమంది చేయరని మా బోర్డు నమ్మకం. పైగా నలభై వేలమందిని నిలబెట్టి ఎవరూ అడగలేరు. ఆ సౌకర్యం ఇంకా పెద్దది.

రాసేవాళ్లకు ఇదంతా తెలుసు. "ఒక వ్యక్తి" అని ప్రశ్నలో ఉంటే ఆ వ్యక్తి ఎక్కడో దుమ్ములో కూలబడి ఉన్నాడని చంటిపిల్లకైనా తెలుసు. హాల్లో కూర్చున్నాక మాత్రం మార్కు ఒక్కటే గుర్తుంటుంది. వాళ్లను అనడానికి లేదు. మూడుసార్లు తప్పినవాళ్లను మూడేళ్ల నడకకు పంపుతారు, నీటి గొట్టాల జాయింట్లు బిగించడానికి. అంటే దిక్కుల లెక్కలు రానివాళ్లను ఏరి ఏరి దిక్కు తెలియని చోటికి తోలుతాం. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడి బుర్రకు దండం పెట్టాలి.

మా తమ్ముడు సూరిబాబు బయటే ఉన్నాడు. ఇంకో ఏడు నెలల నడక మిగిలింది.

ఈ రోజువారీ పుస్తకం రాయడం కూడా ఉద్యోగంలో భాగమే. ఎవరూ చదవరు. కాబట్టి నిజమే రాస్తాను.

గాలినెల 5

సూరిబాబు రిపోర్టు వచ్చింది.

"తొమ్మిదో విడిది. ముందుకు రెండు. కుడికి ఒకటి. ఎడమకు రెండు. ఎడమకు నాలుగు. కాలు విరిగింది."

సరిగ్గా పన్నెండు మాటలు. మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివాను. దూరాలున్నాయి, మలుపులున్నాయి, బయలుదేరిన చోటుంది. ఎటు తిరిగి బయలుదేరాడో లేదు. తొమ్మిదో విడిది అంటే నడకవాళ్లు తలదాచుకునే గుండ్రటి గుడిసె. దానికి రెండు తలుపులు, ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి. ఉత్తరం తలుపులోంచి వెళ్లి ఉంటే ఈ లెక్కకు వాడు విడిదికి వాయవ్యంగా ఐదు కిలోమీటర్లలో ఉన్నాడు. దక్షిణం తలుపైతే ఆగ్నేయంగా ఐదు. రెంటికీ మధ్య పది కిలోమీటర్లు. చెయ్యి చాస్తే వేళ్లు కనపడని దుమ్ములో పది కిలోమీటర్లు అంటే వేరే లోకం. కాలు బాగుంటే అడుగులు వెనక్కి లెక్కపెట్టుకుంటూ వాడే వచ్చేవాడు.

దిక్కుల లెక్కల్లో ఒక నియమం ఉంది. ప్రశ్నలో ముఖం ఎటో చెప్పకపోతే ఉత్తరం అనుకోవాలి. ఇది నేను పుట్టించింది కాదు గానీ ఈ ఊళ్లో సగం మంది బుర్రల్లోకి ఎక్కించింది నేనే. ఒక్క బుర్రలోకి మాత్రం ఎక్కించలేకపోయాను. సూరిబాబును మా వాకిట్లో నిలబెట్టి లెక్కలు చెప్పేదాన్ని.

"అక్కా, ఆడు ఎటు తిరిగి నిలబడ్డాడో చెప్పకుండా ఎడమంటే ఎటు?" అనేవాడు.

"చెప్పకపోతే ఉత్తరం."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నా."

"నువ్వు ఆడి పక్కనున్నావా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడో పరీక్షలో ముఖం చెప్పని ప్రశ్న ఒకటి వచ్చింది. జవాబు దిద్దకుండా వదిలేసి, పక్కన "ఎటు తిరిగి?" అని రాసి వచ్చాడు. ఒక్క మార్కు తక్కువైంది. గేటు దగ్గర సాగనంపుతూ కూడా తిట్టాను. రెండేళ్ల అయిదు నెలలుగా వాడు పంపిన ప్రతి రిపోర్టూ "తూర్పు ముఖం", "దక్షిణ ముఖం" అని మొదలయ్యేది. నాకు చురక పెట్టడానికే అలా పంపుతున్నాడని నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు ఆ మాట లేదు. మామూలుగా అయితే నేను దాన్ని ముట్టుకోను. రిపోర్టులో లేనిది ప్రశ్నలో రాయను. ఐదేళ్లలో ఒక్కసారి కూడా రాయలేదు. రాతగాళ్లకు 'పూరణ' అని ఒక హక్కుంది. తగిన కారణం ఉంటే ఒక్క మాట సొంతంగా చేర్చి కింద సంతకం పెట్టొచ్చు. వేరేవాడి రిపోర్టు అయితే అలాగే వదిలేసేదాన్ని. నలభై వేలమంది ఉత్తరం అనుకుని చేసేవాళ్లు.

కానీ ఇది సూరిబాబు. ఉత్తరం అనుకోమని చెప్తే చచ్చినా అనుకోడు. వాడు దిక్కు వదిలేశాడంటే, అందరికీ తెలిసిందే కదా అని వదిలేసి ఉండాలి. పని చీటీ తీసి చూశాను. తొమ్మిదో విడిది దగ్గర వాడికి అప్పజెప్పినది దక్షిణపు గొట్టం జాయింటు. అంతే, తేలిపోయింది. ప్రశ్నలో "దక్షిణం వైపు" అని చేర్చి సంతకం పెట్టాను. వాడిని నాకన్నా ఎరిగినవాళ్లు ఎవరున్నారు?

గాలినెల 7

పరీక్ష అయింది. సూరిబాబుది పద్దెనిమిదో ప్రశ్న. హాళ్ల మధ్య తిరిగి వచ్చాను. మార్జిన్‌లో కూడిక గుర్తు గీసి, వేలితో దారి గీసుకుంటూ చెమటలు కక్కుతున్నారు. తలకెక్కనివాళ్లు కాగితం తిప్పుతారు, అది నిషేధం, వాళ్లను లేపి బయటికి పంపేస్తారు. పన్నెండో హాల్లో ఇద్దరిని పంపేశారు. పద్దెనిమిది దగ్గర ఎవరూ ఆగలేదు. తేలిక లెక్క. నాకు ప్రాణం కుదుటపడింది.

గాలినెల 8

ముప్పై ఎనిమిది వేల చిల్లర మంది ఆగ్నేయం, ఐదు కిలోమీటర్లు అని దిద్దారు. కీ ప్రకటించారు. పదకొండు గంటలకు జవాబు స్లిప్పు తీసుకుని మస్తాన్ బండి కట్టాడు. "మీ తమ్ముడిగారేనంట కదండీ. తెచ్చేత్తానండీ" అన్నాడు. ఇంటికెళ్లి వాడి చాప దులిపాను.

గాలినెల 9

బండి ఖాళీగా వచ్చింది.

మస్తాన్ ముఖం మీద దుమ్ము అట్టకట్టి ఉంది. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "స్లిప్పు మీదున్న చోటికే ఎల్లానండీ. చక్రం లెక్కా సరిపోయింది. అక్కడ ఎవరూ లేరు. తాడు కట్టుకుని చుట్టూతా రెండు వందల గజాలు తిరిగాను, గొంతు పోయేలా కేకలేశాను."

"దాటి వెళ్లావేమో."

"లేదండీ. ఇంకోటండీ, వచ్చేప్పుడు విడిదిలో ఆగాను. దక్షిణపు జాయింటు బిళ్ల మేకుకి తగిలించేసి ఉందండీ. అంటే ఆ పని అయిపోయినట్టే కదా."

జాయింటు బిగించడం అయ్యాక నడకవాడు దాని రేకు బిళ్ల తెచ్చి విడిదిలో తగిలించాలి. తగిలించాడంటే దక్షిణం పని ముగించుకుని వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత ఎటు వెళ్లాడు?

"మస్తాన్, మళ్లీ వెళ్లి ఉత్తరం తలుపు నుంచి చూసి రా."

"స్లిప్పేదండీ?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "ఆగ్నేయమని రాసుంటే ఆగ్నేయమే ఎల్లాలి. ఓ ప్రశ్నకి ఓ ట్రిప్పు. స్లిప్పు లేకుండా గేటు తియ్యరు, తీసినా మర్నాడు నన్ను నడకలో ఏసేత్తారు. నాకు ఇద్దరు ఆడపిల్లలండీ."

గాలినెల 10

పొద్దున్నే రెండో రిపోర్టు వచ్చింది. వాడి దగ్గరున్న పెట్టె ఛార్జ్ కావడానికి అయిదు రోజులు పడుతుంది. ఈ అయిదు రోజులూ ఛార్జ్ చేసుకుని పంపిన పన్నెండు మాటలు ఇవి.

"అక్కా బండి రాలేదు. చెప్పకపోతే ఉత్తరమేగా. నీ పద్ధతే పాటించాను. నీళ్లు నాలుగు రోజులకే ఉన్నాయి."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా మాట విన్నాడు. ప్రశ్న నా చేతికే వస్తుందని వాడికి తెలుసు. కాలు విరిగిందని చెప్పడానికి రెండు మాటలు కావాలి, ముఖానికి చోటు మిగల్లేదు, అక్కకు అర్థమవుతుందిలే అనుకున్నాడు. పదహారేళ్లు వాడి నెత్తిన మోగించిన నియమాన్ని, వాడు ఒప్పుకున్న రోజున నేను కాదన్నాను. వాణ్ణి తీసుకెళ్లి దుమ్ములో పాతిపెట్టినట్టే చేశాను. నా కుడిచెయ్యి నరుక్కోవాలనిపించింది. అనిపించడం తప్ప చేసిందేమీ లేదు.

రిపోర్టు పట్టుకుని కంట్రోలర్ రూబెన్ గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, రెండుసార్లు చదివారు.

"పరీక్ష అయిపోయాక వచ్చిన మాట పరీక్షలో లేని మాటమ్మా. ఇది కొత్త రిపోర్టు కింద లెక్క. ఇరవై రెండున వచ్చే పేపర్లో పెట్టుకో."

"నీళ్లు పద్నాలుగు వరకేనండీ."

"చదివాను."

"తప్పు నాదండీ. పూరణ నాది. నా సంతకం ఉంది. నన్ను నడకకు పంపండి, బండిని వాయవ్యానికి పంపండి."

"నువ్వు చెప్తే పంపిస్తే, రేపు ఇంకో రాతగాడు ఇంకో చోటు చెప్తాడు. అప్పుడు మనకీ ఆ యంత్రానికీ తేడా ఏముంది?" ఆయన టీ గ్లాసు నా వైపు జరిపారు. "కీ మీద అభ్యంతరం అభ్యర్థి పెట్టాలి. వేరే జవాబు దిద్దిన అభ్యర్థి. పన్నెండో తారీకు సాయంత్రం దాకా గడువుంది. నేను నీకు ఏమీ చెప్పలేదు."

టీ తాగాను. ఎందుకు తాగానో తెలియదు. చల్లారిపోతుందనేమో.

నడకవాళ్లు దుమ్ముకు వేసుకునే సూటు దొంగిలించి నేనే బయటికి పోవచ్చు కదా అని ఎవరైనా అడిగితే జవాబు రాసి పెడతాను. నడక గది దాకా వెళ్లాను. వరసగా వేలాడుతున్న సూట్లు, వాటి లోపల ఇంకా ఆరని చెమట వాసన. పదహారేళ్లు దిక్కులు నేర్పినదాన్ని. గేటు దాటి ఒక్క అడుగు వేసింది లేదు. భయపడ్డాను. వెనక్కి వచ్చేశాను.

గాలినెల 11

వాయవ్యం, ఐదు కిలోమీటర్లు అని దిద్దినవాళ్లు రెండు వందల పన్నెండు మంది. జవాబు పత్రాలు చూడటం నాకు నిషేధం. చూశాను. ప్రశ్నల గదివాళ్లు అభ్యర్థితో మాట్లాడితే నడకే శిక్ష. దానికీ తెగించాను. నిండా మునిగినవాడికి చలేముంది.

ఆ రెండు వందల పన్నెండు మందిలో మూడో ప్రయత్నం రాసి, ఒకే ఒక్క మార్కుతో పోతున్నవాళ్లు ఒక్కరే ఉన్నారు. పేరు నూకరత్నం, ఇరవై ఆరేళ్లు. వడపోత షెడ్డులో పని, గాలి వడకట్టే బట్టల్లోంచి దుమ్ము దులపడం. వెళ్లేసరికి బట్ట దులుపుతూ దగ్గుతోంది. నేనెవరో చెప్పగానే చేతిలోది కింద పడేసింది.

"పద్దెనిమిదో ప్రశ్నకు వాయవ్యం ఎందుకు దిద్దావమ్మా?"

"తప్పైపోయిందండీ."

"తప్పు ఒప్పు కాదు, ఎలా చేశావో చెప్పు."

సిగ్గుపడింది. "దక్షిణం అన్న మాట నేను చదవలేదండీ. టైం అయిపోతుందని కంగారులో 'బయలుదేరి రెండు కిలోమీటర్లు' దగ్గర్నుంచే చదివేశాను. ముఖం చెప్పలేదు కదా, ఉత్తరం అనేసుకున్నాను. కోచింగులో అలాగే చెప్తారండీ. ఇంటికొచ్చి పేపరు చూసుకుని గోడకేసి తల కొట్టుకున్నాను."

నలభై వేలమందిలో మా తమ్ముడిని సరిగ్గా చూసింది ప్రశ్న సరిగ్గా చదవని ఈ పిల్ల. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగాను. ఆ 'దక్షిణం' అనే మాట రిపోర్టులో లేదని, దాన్ని చేర్చింది నేనని, అక్కడ కూర్చున్నవాడు నా తమ్ముడని చెప్పాను.

ఆమె కింద పడ్డ బట్ట తీసి అంచు నలిపింది. "నేను అభ్యంతరం పెడితే నాకు మార్కొత్తుందాండీ?"

"నీ జవాబు సరైనదని తేలితే వస్తుంది."

"తేలకపోతే?"

"ఎలాగూ నడకకు పోతున్నావు కదా."

అనగూడని మాట. నోటికి అలవాటైపోయిన కోచింగు మాట. ఆమె మాత్రం తల ఊపింది, నిజమే కదా అన్నట్టు. "ఆయనకి నీళ్లు ఎన్నాళ్లున్నాయండీ?" అని అడిగింది. మూడు రోజులు అన్నాను. "అయితే ఇప్పుడే రాసేద్దాం చెప్పండి" అంది. నేను చెప్పాను, ఆమె రాసింది: పద్దెనిమిదో ప్రశ్నలో ముఖం మాట ఏ ఆధారంతో చేర్చారో అసలు రిపోర్టు తెరిచి చూపించాలి.

గాలినెల 12

అభ్యంతరం దాఖలైంది. నూకరత్నం రసీదు తెచ్చి దూరం నుంచి చూపించి వెళ్లింది. కోచింగు సెంటర్లలో అప్పుడే గోల మొదలైంది. ఎవరో ఒక పిల్ల పద్దెనిమిదో ప్రశ్న మీద పడిందట, కీ మారితే ముప్పై ఎనిమిది వేలమందికి ఒక మార్కు పోతుందట. మధ్యాహ్నానికి బోర్డు ముందు గుంపు చేరింది. అన్యాయం జరగకూడదని అరిచారు. ఎవరికి అని అడగడానికి ఎవరూ లేరు.

గుంపులో నా దగ్గర చదువుకున్నవాళ్లు బోలెడు మంది. "మేడం, మీరైనా చెప్పండి, ప్రశ్నలో దక్షిణం అని స్పష్టంగా ఉంది కదా" అన్నాడొకడు. ఉంది అన్నాను. ఉంది మరి.

గాలినెల 13

కమిటీ కూర్చుంది. అయిదుగురు. నన్నూ పిలిచారు. అసలు రిపోర్టు తెరిచారు. పన్నెండు మాటలు గట్టిగా చదివించారు. పూరణ ఎందుకు చేశావని అడిగారు.

"వాడు నా తమ్ముడండీ. నాకు తెలుసనుకున్నాను."

ఒకాయన నిట్టూర్చారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది. నాకు ఆశ పుట్టింది. అప్పుడు ఇంకా ఒక రోజు నీళ్లున్నాయి. బండికి విడిది దాకా నాలుగు గంటలు, అక్కణ్ణుంచి ఐదు కిలోమీటర్లు. ఎన్ని గంటలకు గేటు తీయించవచ్చో మనసులో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

రెండు గంటల తర్వాత రూబెన్ గారు బయటికొచ్చి చదివారు. అభ్యర్థి అభ్యంతరం సబబైనదే. పూరణకు ఆధారం చాలదు. అయితే ప్రశ్నను ఉన్నదున్నట్టు చదివి ఆగ్నేయం దిద్దినవారిని తప్పు పట్టలేము. రెండు జవాబులకూ అవకాశమిస్తున్నందున పద్దెనిమిదో ప్రశ్నను రద్దు చేసి, రాసిన ప్రతి అభ్యర్థికీ ఒక మార్కు కలుపుతున్నాము.

గుంపు ఎగిరి గంతేసింది. ఎవరికీ ఏమీ పోలేదు, అందరికీ ఒక మార్కు వచ్చింది. టోపీలు గాల్లోకి విసిరారు. ఒకరినొకరు ఎత్తుకున్నారు.

నేను రూబెన్ గారి చొక్కా పట్టుకున్నాను. "బండి?"

"ఎక్కడికమ్మా?"

"వాయవ్యానికి. అభ్యంతరం సబబే అన్నారు కదండీ."

ఆయన నా చెయ్యి మెల్లగా విడిపించుకున్నారు. "ప్రశ్న రద్దయింది తాయారూ. రద్దయిన ప్రశ్నకు జవాబు ఉండదు. స్లిప్పు మీద నన్ను ఏం రాయమంటావు?"

నేను తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన తల వంచుకుని విన్నారు. అయ్యాక, "నీ మీద చర్య తీసుకోకుండా నేనే చూశాను" అన్నారు. కృతజ్ఞత చూపించాలని ఆయన ఎదురుచూస్తున్నట్టు అర్థమైంది.

గాలినెల 14

నూకరత్నం ఇంటికొచ్చింది. ఆ ఒక్క మార్కుతో గట్టెక్కింది. లోపలి ఉద్యోగం, స్లిప్పుల గదిలో. తల నూనె పెట్టి దువ్వుకుంది. గుమ్మంలోనే వంగి నా కాళ్లకు దండం పెట్టింది.

"మీ దయ అండీ. మా అమ్మ రాత్రంతా ఏడుత్తానే ఉంది సంతోషంతో. ఆయన్ని తెచ్చేశారాండీ?"

"ప్రశ్న రద్దయింది."

అర్థం కాలేదు. చెప్పాను. ఆమె ముఖంలో సంతోషం వెంటనే పోలేదు. పోవడానికి చోటు వెతుక్కుంటూ అక్కడే తచ్చాడింది. ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. బతికిపోయినందుకు వచ్చింది. ఆ తర్వాత నా మీద నాకు అసహ్యం వేసింది.

"నేను స్లిప్పు రాసేత్తానండీ" అంది ఉన్నట్టుండి. "రేపట్నుంచి నా చేతిలోనే కదండీ ఉంటాయి."

"కంట్రోలర్ ముద్ర లేకుండా రాస్తే నిన్ను నడకలో వేస్తారు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ వెళ్లిపోయింది. రాయదని ఇద్దరికీ తెలుసు. నేను సూటు ముందు నుంచి వెనక్కి వచ్చినదాన్ని, ఆమెను అడగడానికి నాకేం హక్కుంది?

గాలినెల 15

మూడో రిపోర్టు.

"తొమ్మిదో విడిది. ఉత్తరం. ముందుకు రెండు. కుడికి ఒకటి. ఎడమకు రెండు. ఎడమకు నాలుగు. దాహం."

నిన్నటితో నీళ్లు అయిపోయాయి. ఇది పంపిన మనిషి ఇంకా పన్నెండు వరకు లెక్క తప్పకుండా పెట్టగలుగుతున్నాడు. కాలు సంగతి తీసేసి ఆ చోట్లో ముఖం పెట్టాడు. మిగిలిన ఒక్క మాట చోట 'దాహం' అని పెట్టాడు.

కొత్త రిపోర్టు కాబట్టి కొత్త ప్రశ్న. ఇరవై రెండో తారీకు పేపరుకు. వేరేవాళ్లకు ఇస్తామన్నారు, నేనే రాస్తానన్నాను. "దాహం" దిక్కు కాదు, దూరమూ కాదు. పద్ధతి ప్రకారం ప్రశ్నలో దానికి చోటు లేదు. కొట్టేశాను. మిగిలినదానికి నేను చేర్చవలసింది ఏమీ లేదు. "ఒక వ్యక్తి తొమ్మిదో విడిది నుంచి ఉత్తరం వైపు బయలుదేరి..." అని మూడు లైన్లు, నాలుగు ఆప్షన్లు. రూబెన్ గారు చదివి కళ్లజోడు తీశారు. "దీని మీద ఎవరూ అభ్యంతరం పెట్టలేరు. నలభై వేలమందీ సరిగ్గా అక్కడికే చేరతారు" అన్నారు. ఓదార్పుగానే అన్నారు.

సాయంత్రం మస్తాన్ లోడు కాగితం పట్టుకుని వచ్చాడు. ప్రశ్న పేపర్లో చేరిన రోజే బండికి ఏం ఎక్కించాలో రాతగత్తె రాసి ఇవ్వాలి. బండి మొయ్యగలిగింది తక్కువ. నీళ్ల డ్రమ్మైనా పెట్టాలి, శవాన్ని చుట్టే గోనెపట్టా అయినా పెట్టాలి. రెండూ పట్టవు. అతను నా ముఖం చూడకుండా, కిటికీ వైపు చూస్తూ అడిగాడు.

"ఇరవై మూడున బండికి ఏం ఎక్కించమంటారండీ?"

పెన్ను తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. అతను తొందర పెట్టలేదు. తొందరేముంది? గోనెపట్టా అని రాసి, కింద సంతకం పెట్టి, కాగితం అతనికి ఇచ్చాను.